సంగటిలో కలిపిన కొయ్య పొడి

మా నాయనకు చక్కెర జబ్బు ముదిరింది. తిండిలో పీచు పెంచమని డాక్టరు చెప్పగానే, ఊరుకునే మనిషిని కాదు కదా, అనంతపురంలో మందుల అంగడికి వెళ్లి పీచు పొడి డబ్బా తెచ్చాను. ఇంటికొచ్చి దాని మీది అక్షరాలు పైకి చదవడం నా బుద్ధి తక్కువ. పైన్ చెట్టు కొయ్య నుంచి తీసిన మిథైల్ సెల్యులోజ్ అని ఉంది.

"కొయ్యా? మనం మనుషులమా, చెదలమా?" అన్నాడు నాయన. "అంత కరువులో కూడా మాయమ్మ నాకు కొయ్య పెట్టలా. నువ్వు పెడతాండావా?"

నాకు ఒళ్లు మండింది. మా ఊరు బెళుగుప్ప ఎండల్లో వేరుశనగ పైరు మాడిపోతే కూడా నోరెత్తని మనిషి, రెండు చెంచాల పొడికి ఇంత రాద్ధాంతమా? మర్నాడు మధ్యాహ్నం సంగటి ముద్దలు చేసేటప్పుడు ఆ పొడి గుట్టుగా చల్లి కలిపేశాను. నీళ్లు పీల్చి ఉబ్బే పొడి కాబట్టి నిండు గ్లాసు నీళ్లతో తీసుకోవాలని డబ్బా మీద రాసి ఉంది. సంగటిలో ఉన్నవి నీళ్లే కదా అనుకున్నాను.

మా వైపు సంగటిని నమలరు. తుంచి, పులుసులో అద్ది, అలాగే మింగుతారు. నమిలేవాళ్లను చూస్తే నాయన పట్నమోళ్లని ఎగతాళి చేస్తాడు. తినేటప్పుడు నడుమ నీళ్లు కూడా తాగడు. ఇవేవీ నాకు తెలియనివి కావు.

మూడో తునకకు ఆగిపోయాడు. చేయి గొంతు మీదికి పోయింది. మాట లేదు, ఊపిరి లేదు, కళ్లు మాత్రం నా మీదే ఉన్నాయి. చెంబు అందించబోయి ఆగాను, నీళ్లు తగిలితే గొంతులోని పొడి ఇంకా ఉబ్బుతుంది. ముందుకు వంచి వీపు మీద అరచేత్తో కొట్టాను. మళ్లీ కొట్టాను. ఐదో దెబ్బకు జిగురు ముద్ద బయటపడింది. ఆయన చూసేలోపే దాన్ని గుడ్డతో తుడిచేశాను.

"భయపెట్టినా కదమ్మా," అన్నాడు రొప్పుతూ. "నా గొంతు చెడిపోయినట్లుండాది."

అప్పుడే చెప్పాల్సింది. డబ్బాను గూట్లో వెనక్కి తోశాను. ఆ పూట నుంచి ఆయన పల్చటి గంజి తప్ప ఏదీ ముట్టలేదు. మూడో రోజు పొద్దున నాయన అరుగు మీద పక్కింటాయనతో అంటుంటే లోపలికి వినబడింది.

"మా నాయనకూ గొంతులోనే మొదలైనాదప్పా. ఆర్నెల్లు గూడా బతకలా."

పక్కింటాయన వెళ్లేదాకా ఎలాగో ఆగి, డబ్బా తెచ్చి నాయన ముందు పెట్టాను.

"నీ గొంతుకు ఏమీ కాలేదు నాయనా. ఇది నేనే సంగటిలో కలిపినా."

డబ్బాను చూశాడు. నన్ను చూశాడు. తిట్టినా బాగుండేది.

"కొయ్య పెట్టినావు, పోనీలే," అన్నాడు. "రెండు దినాలుగా నేను సావుకు సిద్ధమైతాంటే, అట్లే చూస్తా ఉన్నావు గదమ్మా."