చేత్తో కలపమన్న కరపత్రం

గుంటూరులో ఒక పురుగుమందుల షావుకారుకి ప్రకటనలు రాసిపెట్టడం నా బతుకుతెరువు. ఆ ఏడు మిరపకోతల వేళ ఆయన నన్ను ఒంగోలు అవతలికి తరిమాడు. మా పొడి చల్లి పంట తీసిన ఏసోబు అనే కౌలురైతు చేత నాలుగు మంచి మాటలు చెప్పించి, వేలిముద్ర వేయించుకు రావాలి. రాకపోతే వేరే కొలువు చూసుకోమన్నాడు. దారిలో పంచమని ఓ కరపత్రాల కట్ట కూడా అంటగట్టాడు.

తెల్లవారి ఐదున్నరకి పాసింజరు. తెనాలిలో బండి మారి, బొగ్గు నలుసులతో కళ్లు మండుతుంటే పదకొండింటికి ఒంగోలులో దిగాను. స్టేషను ఎదుట హోటల్లో ఇడ్లీ చల్లారి బిర్రబిగుసుకుంది, సాంబారు మాత్రం నయం. ఒంటిగంటకి అన్న కనిగిరి బస్సు రెండున్నరకి కదిలింది. మీరెవరైనా వెళితే ముందు సీటు పట్టండి. వెనకైతే నడుం మీద ఆశ వదులుకోవాల్సిందే. పక్కన కొత్తపట్నం నుంచి ఎండుచేపల గంపతో వచ్చినామె నా కట్ట వైపు చూసి, "ఒళ్లో పెట్టుకో బాబూ, వాసన పట్టుద్ది," అంది.

అడ్డరోడ్డులో దిగి రెండు మైళ్లు నడిచాను. కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి తుమ్ములే తుమ్ములు.

ఏసోబు చేను నిజంగానే విరగకాసింది. హమ్మయ్య అనుకున్నాను. అయితే కోతల్లో అతని భార్య మరియమ్మ లేదు. గుడిసె ముందు రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని కూర్చుని ఉంది. మోచేతుల దాకా చర్మం ఊడి పచ్చిగా ఉంది. మిరపకాయ తగిలితే ప్రాణం పోతుందట. మందు చల్లిన ప్రతిసారీ పొడిని తొట్టి నీళ్లలో తనే కలిపిందట.

"కర్రతో కలపొచ్చు కదమ్మా?" అన్నాను.

"చేత్తో కలపొచ్చని కాయితంలోనే ఉందంటగదయ్యా. మాస్టారు చదివి చెప్పాడు."

"చేత్తో కలిపినా చక్కెరలా కరిగిపోతుంది." కరపత్రంలో ఆ ముక్క నాదే. రాసిననాడు ఎంత మురిసిపోయానో! దాని కింద, చేతికి తగలనివ్వొద్దనీ, డబ్బా కుంటలో కడగొద్దనీ కూడా రాశాను. జనాన్ని భయపెడితే సరుకెవడు కొంటాడని షావుకారు కొట్టేశాడు. నేను నోరెత్తలేదు. ఇప్పుడు సిగ్గుతో తల వంచుకుని నిలబడితే, డబ్బా కడిగిన కుంటలో చేపలన్నీ తెల్లగా తేలాయనీ, వాటిని తిన్న కొంగలు కూడా చచ్చాయనీ ఏసోబు చెప్పుకొచ్చాడు.

పడక మిషను బడి వరండాలో. దానియేలు మాస్టారు జొన్నన్నం పెట్టారు. బడి గోడకి మా కరపత్రం అంటించి ఉంది. చక్కెరలా కరుగుతుందన్న ముక్క ఎర్రసిరాతో కొట్టేసి, కింద చేతిరాతతో ఇలా ఉంది: చేతికి తగలనివ్వకండి. డబ్బా కుంటలో కడగకండి.

"వాళ్లకి చదివి వినిపించింది నేనే గదండీ," అన్నారాయన. "ఇప్పుడు దొరికిన ప్రతి కాయితం మీదా రాసే ఇస్తన్నాను."

పొద్దున్నే వేలిముద్రకని వెళితే మరియమ్మ మొగుణ్ణి ఆపింది. "పంట బాగుందని వేసుకోండి. నా చేతుల సంగతీ వెయ్యండి. రెండూ రాస్తేనే ఏలు ఏసేది."

రెండూ రాశాను. ఏసోబు వేలు వేశాడు. ఆ కాగితం షావుకారు చూస్తే నా కొలువు ఉండదు.

మధ్యాహ్నం ఒంగోలులో బండెక్కి, కట్ట విప్పి, ఒక్కో కరపత్రం మీదా చక్కెర ముక్క కొట్టేసి, మాస్టారి రెండు మాటలూ రాయడం మొదలుపెట్టాను. ఎదురుగా గుంటూరు మిర్చికొట్టు గుమాస్తానని చెప్పిన ఖాదర్ సాహెబు గారు. ఒకటి అందుకుని, నేను కొట్టేసిన ముక్కని కూడా కూడబలుక్కుని చదివారు.

"చేత్తో కలపమన్న పెద్దమనిషెవరో, వాడి చేతే కలిపించాలండీ."

"నేనేనండీ," అన్నాను.

ఆయన సిరా అంటిన నా చేతుల వైపు చూశారు. చీరాల దాటాక కిటికీ పక్క చోటు నాకు వదిలి, వెలుతురులో రాసుకోమన్నారు.

తెనాలిలో దిగేసరికి వేళ్లు వంగడం లేదు. ఒళ్లంతా పులిసిపోయింది. కట్టలో సగం పైగా అలాగే ఉంది. గుంటూరు బండికి ఇంకా గంట టైముందన్నారు. ప్లాటుఫారం బల్ల మీద కూలబడి, పెన్ను మూత తీశాను.