ఇండెక్స్‌లో పేరు

మా పరిశోధకులకొక అలవాటుంది. కొత్త పుస్తకం చేతికొస్తే వెనక నుంచి తెరుస్తాం, చివర్న పేర్ల జాబితా ఇచ్చే ఇండెక్స్‌లో మన పేరుందేమోనని. డబ్లిన్ ఇళ్లలో పనిమనుషుల చరిత్ర మీద నేనింకా థీసిస్ రాస్తూనే ఉన్నాను. ఈలోగా నాతోపాటే పీహెచ్‌డీలో చేరినతను అదే విషయం మీద పుస్తకం వేసేశాడు. అందులో నా పేరు లేదు.

ఆ వారమే డబ్లిన్ నుంచి ములింగార్ అనే ఊరికి వెళ్లే రైల్లో, నా ఎదుటి సీట్లోని ఐరిష్ పెద్దావిడ సరిగ్గా ఆ పుస్తకమే తీసి తిన్నగా చివరి పేజీలు తెరిచింది. వేలు కిందికి జారుతూ ఒకచోట ఆగింది. ఆవిడ ముఖం విప్పారింది. నాకు కడుపు మండిపోయింది.

"మీరు ప్రొఫెసరా?" అన్నాను.

"నేనా? కాదు. ఇది మా అమ్మమ్మ పేరు," అంటూ పుస్తకం నావైపు తిప్పింది. "డబ్లిన్‌లో ఒకళ్లింట్లో వంట చేసేది. ఆ ఇంట్లో పనికి ఎవరొచ్చినా మేరీ అనే పిలిచేవాళ్లట. ఇక్కడ అసలు పేరు వేశారు. గ్రాండ్‌గా ఉంది కదా?"

"బాగుందండీ," అన్నాను.

అప్పటిదాకా ఆ రచయిత మీదున్న నా కుళ్లంతా, ఎప్పుడో పోయిన ఆ వంటమనిషి మీదకి మళ్లింది. ఇప్పటికీ తగ్గలేదు.