ఆయన పెట్టని సంతకం

అన్న పోయాడని పోయిన నెల ఒక పొద్దున గద్వాల నుంచి ఫోనొచ్చింది. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. అది ఇంకా తగ్గలేదు.

తోడబుట్టినవాడు కాదు. హైదరాబాదులో విమానాలు బాగుచేసే షెడ్డులో నాకు పని నేర్పినవాడు. విమానంలో ఇంజనుకూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్య ఒక లోహపు గోడ ఉంటుంది. ఇంజను అంటుకుంటే మంటను కాసేపైనా ఆపేది అదే. ఆ గోడలోంచి వైర్లు, గొట్టాలు వెళ్లే ప్రతి కంతనూ నిప్పుకు ఓర్చుకునే సీలెంటుతో మూయడం మా పని. అన్న గద్వాలలో మగ్గాల ఇంట్లో పుట్టాడు. చీరకు అంచు కలిపే చోట ఒక్క పోగు తేడా వచ్చినా విప్పించే తండ్రి దగ్గర పెరిగాడు. జేబులో ఎప్పుడూ చిన్న అద్దం ఉండేది. నేను ముందువైపు నున్నగా చేసి మురిసిపోతుంటే, అద్దం వెనక్కి పెట్టి చూసి, "మంట నువ్వు జూసిన దిక్కు నుంచే వస్తదా తమ్మీ? గీకేసి మళ్ల వెయ్" అనేవాడు. నాకొచ్చిన పనంతా ఆ తిట్లలోంచి వచ్చిందే.

రెండేళ్ల కిందట ఒక విమానాన్ని తొందరగా పంపాల్సి వచ్చింది. చూస్తే సీలెంటు డబ్బా గడువు దాటిపోయి ఉంది.

"నాలుగు రోజులకే పాడైతదా?" అన్నాడు ఆఫీసరు.

"ఏమో, తెల్వదు సార్. తెల్వదు గాబట్టే సంతకం పెట్ట" అన్నాడు అన్న.

ఆ డబ్బాతోనే మూసి, పని సరిగ్గా ఉందని ఆ సంతకం నేను పెట్టాను.

అన్నను స్టోర్సుకు మార్చారు. పని చెడగొట్టాడని ఆఫీసరు పుకారు పుట్టించాడు, అది గద్వాల దాకా పోయింది. అబద్ధమని తెలిసీ నేను నోరు మూసుకున్నాను. ఆ విమానం క్షేమంగానే తిరిగింది. తర్వాతి సర్వీసులో ఆ సీలెంటు గీకేసి కొత్తది వేశారు. "ఏం కాలేదు కదన్నా" అన్నాను ఒకరోజు, సిగ్గులేకుండా.

"కాలేదంటే మంట రాలేదు, గంతే. నీ పని మంచిగున్నట్టు కాదు."

గట్టిగా కూడా అనలేదు. చెంప మీద కొట్టినా బాగుండేది.

దినాల రోజు గద్వాల వెళ్తే, నేను దండ వేసి కూర్చున్నాక ఆ ఆఫీసరు వచ్చాడు. ఫోటోకు ఇంత లావు దండ వేసి, అన్న నిజాయితీ గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి అందరి ముందూ చెప్పాను. అన్న పని చెడగొట్టలేదని, చెడ్డపనికి సంతకం పెట్టనన్నాడని, పెట్టింది నేనని. ఆఫీసరు కారెక్కి పోయాడు.

వదిన నన్ను తిట్టలేదు. "గీ మాట ఆయన బతికుండంగ ఒక్కపారి చెప్పకపోతివా తమ్మీ? కన్నబిడ్డ సుత ఆయనదే తప్పనుకున్నది" అంది.

వాళ్ల పెద్దమ్మాయి లేచి వెళ్లి, ఫోటో మీద ఆఫీసరు వేసిన దండ తీసేసింది. దాని కింద నాది ఉంది. అదీ తీసింది.