మేకుకు మిగిలిన నీలం గౌను

మా వీధిలో ఆమెను అందరూ మిషనమ్మ అంటారు. నా గుండీలూ దారాల కొట్టుకూ ఆమె కుట్టుగదికీ మధ్య ఒక్క చెక్క గోడే అడ్డం. ఆమె మిషను తొక్కితే నా డబ్బాల్లో గుండీలు గలగలలాడతాయి. ఆ మోతకు ఎన్నిసార్లు విసుక్కున్నానో చెప్పలేను. ఇప్పుడది వినబడకపోతే కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

ఆమె తండ్రి దర్జీ. పెళ్లి మాటలు రెండు మూడు సార్లు నడిచి చల్లారిపోయాయి. తండ్రి మంచాన పడ్డాక ఆ ఊసెత్తేవాళ్లే లేరు. ఆయన పోయాక గదీ, మిషనూ, కత్తెరా మిగిలాయి. గది ముందు సగంలో పని, తెర వెనక సగంలో కాపురం. ఒంటి మనిషి బతుకును కాపురం అనొచ్చో లేదో మరి. మాట తక్కువ మనిషి. నాలాంటి వాగుడుకాయ పక్కనే ఇన్నేళ్లున్నా ఏమీ నేర్చుకోలేదు.

ఆమె టేపు పట్టి ఒంటి కొలతలు తీయదు. మనకు సరిగ్గా నప్పిన పాత బట్ట ఒకటి ఇచ్చి రావాలి. దాన్ని ఆది అంటారు. కొత్త బట్ట మీద ఆదిని పరిచి, సుద్దతో గీసి, అప్పుడు కత్తెర పెడుతుంది. ఒకసారి ఇచ్చిన ఆదిని మా వీధిలో ఎవరూ వెనక్కి అడగరు. అది ఆమె గోడ మేకుకే ఉండిపోతుంది. ఎవరు లావెక్కారో, ఎవరు చిక్కిపోయారో, ఎవరికి నెల తప్పిందో ఆమెకు అందరికంటే ముందు తెలిసేది. ఒక్క మాట బయటికి పొక్కేది కాదు. అదే నాకు తెలిసుంటే వీధంతా టముకు వేసేదాన్ని.

ఎదురు వరసలో రొట్టెల కొట్టు ఉంది. ఆ రొట్టెలామెకు ఒక్కతే కూతురు. కాలు ఒకచోట నిలవదని దాన్ని పిచ్చుక అనేవాళ్లం. బడి వదలగానే తల్లి దగ్గరికి కాదు, నేరుగా మిషనమ్మ దగ్గరికి పరుగెత్తేది. ముక్కబట్టలు ఏరుకుంటూ "అత్తా, నాకు జేబులున్న గౌను కుట్టవా" అని ప్రాణం తీసేది. ఆమె నీలం గౌను కుట్టి, రెండు పక్కలా జేబులు పెట్టింది. మరుసటి ఏడు కొత్త గౌను గుడ్డ కొన్నప్పుడు పిచ్చుక ఆ నీలం గౌనునే ఆదిగా తెచ్చి ఇచ్చింది.

ఆ గుడ్డకు కత్తెర పెట్టనే లేదు. ఒక సాయంత్రం, వెనక సందులో మూతపడ్డ గోదాము మెట్ల దగ్గర పిల్లను ఎవడో చంపేశాడు. ఆ సందులోకి ఉన్న కిటికీ మిషనమ్మదొక్కటే. మసక చీకట్లో ఒక మనిషి గబగబా సందు దాటిపోవడం ఆమె చూసింది. పోలీసులు లారీల ఆసామి కొడుకును పట్టుకున్నారు. వాడు పిల్ల వెంట పడుతున్న సంగతి వీధంతటికీ తెలుసు. ఒకసారి నా కొట్టు ముందే నోటికొచ్చినట్టు తిట్టి తరిమాను. నిప్పు లేనిదే పొగ రాదు. నన్నడిగితే ఇప్పటికీ వాడే అంటాను.

కోర్టులో ఆమె సాక్ష్యం చెప్పిన రోజు నేనూ వెళ్లాను. పిల్ల తల్లి ముందు బల్ల మీద కూర్చుని, రెప్ప వేయకుండా ఆమెనే చూస్తోంది.

"ఆ మనిషి ఇతనే కదమ్మా?" అన్నాడు సర్కారు వకీలు.

"వీపు చూశానండీ. ముఖం చూళ్లేదు."

"ఇతనే అనిపించిందా?"

"అనిపించింది. కానీ చూళ్లేదండీ."

ఆయన తిప్పి తిప్పి అడిగాడు. ఆమె అదే చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. బయటికి రాగానే, "ఆ ఒక్క ముక్క అనేస్తే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" అని అడిగాను. "అంచనాతో కత్తెర పెట్టొద్దని నాన్న అనేవాడు పిన్నీ. కోశాక అతకదు" అంది. బట్ట సంగతి వేరు, మనిషి సంగతి వేరు అన్నాను.

సాక్ష్యం చాలదని కోర్టు వాణ్ణి వదిలేసింది.

తీర్పు వచ్చిన రోజు వీధిలో కొట్లన్నీ మూసేశారు. కూడలిలో పిల్ల ఫోటో పెట్టి కొవ్వొత్తులు వెలిగించారు. నేనూ ఒకటి వెలిగించి ఏడ్చాను. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత టీవీ వాళ్లు దిగారు. హత్య జరిగిన రోజు ఊళ్లోనే లేని మంగలి కూడా కళ్లారా చూసినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే బాపతు జనం. జడ్జిని తిట్టారు, పోలీసులను తిట్టారు, వాళ్లు అందేవాళ్లు కాదు కదా. లారీల ఆసామి ఇంటి మీదికి పోదామంటే అక్కడ పెద్ద గేటూ, గేటు లోపల కుక్కలూ ఉన్నాయి. చేతికి అందింది మిషనమ్మ చెక్క తలుపొక్కటే. "ఎంత ముట్టిందో ఏమో" అన్నారొకరు. "వాడే అంటే దీని సొమ్మేం పోయేది?" అన్నారు ఇంకొకరు. ఆ రెండో మాట నేనూ అన్నదే. కానీ నేను ఆమె మొహం మీద అన్నాను, తలుపు అవతల నిలబడి కాదు.

రాళ్లు ఎవరూ వేయలేదు. మర్నాడు పొద్దున పంతులమ్మ వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "నా ఆది ఇచ్చెయ్" అంది. మిషనమ్మ లేచింది. మేకు మీంచి తీసి, దులిపి, మడతపెట్టి చేతికిచ్చింది. ఆ తర్వాత నర్సు వచ్చింది, కూరగాయలామె, ఆమె కోడలు, ఇలా ఒకరి తర్వాత ఒకరు. నేను ఊరుకుంటానా? "చంకలో కుట్టు పిగిలినప్పుడు ఎవరి గుమ్మం ఎక్కుతారో నేనూ చూస్తాను" అన్నాను. తల వంచుకుని పోయారే గానీ, ఆది మాత్రం ఎవరూ వదల్లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మిషనమ్మ నోటి నుంచి ఏనాడూ చెడ్డ మాట రాలేదు, ఊరు చేసిన మంచి ఇదీ.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఒకరోజు లారీల ఆసామే పళ్లబుట్టతో దిగాడు.

"నీ మేలు మరిచిపోను తల్లీ. మా ఇంటి ఆడవాళ్ల బట్టలన్నీ ఇక నీ దగ్గరే."

"మీ కోసం చెప్పలేదండీ. బుట్ట తీసుకెళ్లండి."

"కోపమెందుకమ్మా? మనం మనం ఒకటి."

"కాదండీ" అంటూ ఆమె బుట్టను తనే మోసుకెళ్లి ఆయన కారు పక్కన పెట్టి వచ్చింది. ఏం లాభం? బుట్ట లోపలికి పోవడం వీధంతా చూసింది. బయటికి రావడం చూసింది నేనొక్కదాన్నే. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మలేదు.

గోడ ఖాళీ అయింది. నా రవికె ఒకటీ, పిచ్చుక నీలం గౌనూ మిగిలాయి. నేను ఒక్కదాన్ని ఎన్ని కుట్టించుకోగలను? అవసరం లేని దిండు గలీబులు కూడా ఇచ్చాను. అవి అయ్యాక మిషను ఆగిపోయింది. ఆమె కుర్చీని రొట్టెల కొట్టు వైపు తిప్పుకుని కూర్చునేది. ఆ తలుపు కిర్రుమంటే చాలు, తల తిప్పి గౌను వంక చూసేది.

"ఏమే, ఎవరికోసం ఆ చూపులు?" అని అడిగాను.

"అందరూ తీసుకుపోయారు పిన్నీ. వదిన రాలేదు. ఆ గౌను ఇక్కడున్నంతసేపు నన్ను పూర్తిగా వదిలెయ్యలేదనుకుంటాను. వచ్చి అడిగిందా, ఇక అయిపోయినట్టే."

ఈమె వదినా అని పిలిచేది రొట్టెలామెనే. చిన్నప్పటి నుంచీ ఒక కంచంలో తిన్నవాళ్లు ఆ ఇద్దరూ. ఇంత పెద్ద వీధిలో ఈమెకు నావాళ్లు అనుకోవడానికి ఉన్నది ఆ వదినే.

ఒకరోజు మధ్యాహ్నం ఆ వదిన వీధి దాటి వచ్చింది. చేతులకు ఇంకా పిండి ఉంది. నేను చెక్క గోడకు చెవి ఆనించాను. సిగ్గేం లేదు నాకు.



"ఇప్పుడు కోర్టు లేదు, వకీళ్లు లేరు" అంది రొట్టెలామె. "నాకొక్కదానికే చెప్పు. వాడేనా?"

"ముఖం చూళ్లేదు వదినా."

"అవునను చాలు. ఎవరికీ చెప్పను, ఒట్టు. రాత్రిళ్లు ఎవణ్ణి తిట్టుకోవాలో కూడా తెలియట్లేదే నాకు. ఒక్కసారి అను."

అనేస్తే పోయేదేముంది? వాణ్ణి మళ్లీ ఎవరూ జైల్లో పెట్టరు, ఈమె వదిన ఈమెకు దక్కుతుంది. గోడ ఇవతల నా పెదవులే కదిలాయి, అనవే అనవే అని.

"చెప్పలేను వదినా."

"ఒక్క అబద్ధం ఆడుంటే నీ కాళ్లకు మొక్కేదాన్ని."

"తెలుసు."

"అయితే దాని ఆది ఇచ్చెయ్."

మేకు మీంచి గౌను తీసిన చప్పుడు కూడా వినబడింది నాకు. ఇక ఉండబట్టలేక లేచి మిషనమ్మ గుమ్మం దగ్గరికి వెళ్లాను. రొట్టెలామె గౌనును మొహానికి అదుముకుని ఉంది. కాసేపటికి దాన్ని తిరగేసి, లోపలి కుట్లు తడిమింది. పక్క కుట్ల వెంట రెండు వేళ్ల వెడల్పు బట్ట వదిలి ఉంది. కింద అంచు కూడా లావుగా, లోపలికి మడిచి ఉంది.

"ఇంత బట్ట లోపల వదిలావేంటి?"

"ఎదిగే పిల్ల కదా వదినా. ఏటా కుట్లు విప్పి వదులు చెయ్యొచ్చని."

రొట్టెలామె ఆ మడతను వేళ్ల మధ్య పట్టుకుని అక్కడే నేల మీద కూలబడింది. మిషనమ్మ పక్కన కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఎంతసేపటికో లేచి, గౌను చంకలో పెట్టుకుని, నా పక్క నుంచే వెళ్లిపోయింది. వస్తానని గానీ రానని గానీ అనలేదు.

"అన్నం తిన్నావా?" అని అడిగాను.

మిషనమ్మ ఖాళీ మేకు వంక చూస్తోంది.

"పిన్నీ, అందరూ ఇంతగా అంటున్నారు. ముఖం నేను నిజంగానే చూళ్లేదంటావా?"

వాడే చేశాడని నమ్మే నేను, చూళ్లేదులే అని ఎలా అనను? చూసే ఉంటావని మాత్రం ఎలా అనను? ఆ సాయంత్రం ఆ కిటికీ దగ్గర ఉన్నది తనొక్కతే.