నా బిడ్డ

కోరుట్లలోని మా వాడకట్టులో ఒక పిల్ల చిన్నప్పుడే అనాథగా మిగిలింది. తండ్రి దుబాయిలో పోయాడు. ఆ బెంగతో తల్లీ పోయింది. బీడీలు చుట్టే మా ఆడవాళ్లే వంతులేసుకుని అన్నం పెట్టారు.

ఏ ఇంటికి వచ్చినా ఆమె ముందు చీపురు అందుకునేది. వాకిలి ఊడ్చాకే కంచం ముందు కూర్చునేది.

"గదెందుకే పిల్లా, ముందుగాల తిను" అని మా అమ్మ అంటే, "ఊకెనే తింటే మంచిగనిపియ్యది పెద్దమ్మా" అని నవ్వేది. ఎంత బుద్ధిమంతురాలో అని వాడంతా మెచ్చుకునేది.

ఇంటర్ చదివేటప్పుడు, వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. "తక్కువైంది" అంటూనే ఇళ్లన్నీ ఊడ్చింది. పడిపోయాక జగిత్యాల ఆసుపత్రికి తీసుకెళ్లాం.

"ఎందుకు చెప్పలేదే?" అని అమ్మ ఏడ్చింది.

"మీ పనులు ఖరాబైతయ్ గదా" అంది. మర్నాడు పోయింది.

అంబులెన్సు వాడలో ఆగగానే లొల్లి మొదలైంది. "మా ఇంటి ముంగట దించుండ్రి, అది నా బిడ్డ" అని పక్కింటామె అడ్డం నిలబడింది.

"నీ బిడ్డెట్లయితది? అది నా బిడ్డ!" అని మా అమ్మ ఆమెను తోసేసింది. ఇంకో ఇద్దరు అదే మాట అంటూ ఉరికొచ్చారు.

బతికుండగా ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు.