లింగన్న మజ్జిగకు బీరు పీపా

2022 మే నెలలో నన్ను లైన్ సర్వీసు నుంచి తప్పించి, దుబాయ్ అల్ ఖూజ్ గోదాములో కెగ్గుల విభాగానికి సూపర్‌వైజరుగా వేశారు. అప్పటిదాకా నా పని హోటళ్ల చుట్టూ తిరగడం, చల్లగదిలోని పీపా నుంచి బార్ కుళాయి దాకా వెళ్లే గొట్టాలను శుభ్రం చేయించడం. కొత్త పోస్టింగులో ఆ పీపాలే నా దగ్గరికి వచ్చాయి. కరోనా కాలంలో మూతపడిన బార్లలో బీరు తేదీ దాటిపోయింది. ఆ బీరుతో ఉన్న స్టీలు పీపాలను, మా వాడుకలో కెగ్గులను, లారీల్లో తెచ్చి గోదాములో పేర్చారు. ఏడాది దాటినా ఆ కుప్ప తరగలేదు. వాటిని ఖాళీ చేసి, కడిగి, పరీక్షించి, పనికొచ్చేవి ఓడెక్కించాలి. కెగ్గు అమ్మినవాడిదీ కొన్నవాడిదీ కాదు, ఎప్పటికీ బ్రూవరీదే. పనికిరానివాటికి మాత్రం బ్రూవరీ ఒప్పుకున్నాక ఎర్ర రంగు పూసి తుక్కులో వేస్తాం.

నాది నరసాపురం వైపు. మా ఇంట్లో మందు ముట్టినవాళ్లు లేరు. నేను మాత్రం ఉద్యోగమంతా బీరు మధ్యే గడిపాను, చుక్క నోట్లో వేసుకోకుండా. మా ఆవిడ నర్సు. చర్చిలో ఎవరైనా మీవారేం చేస్తారని అడిగితే పానీయాల కంపెనీ అనేది. అంతకంటే లోతుకు ఎవరినీ వెళ్లనిచ్చేది కాదు.

నా కింద పనిచేసినవాళ్లలో రాజేశం ఒకడు. జగిత్యాల పక్క పల్లె, గౌడుల ఇల్లు, అంటే తరాలుగా తాళ్లెక్కి కల్లు గీసిన కుటుంబం. పనిమంతుడే. కాకపోతే చెప్పిన పని చెప్పినట్టు చేస్తే ఆ పూట అతనికి అన్నం సహించదు, తన తెలివి ఓ చిటికెడు కలపాల్సిందే. వాళ్ల అక్క భర్త లింగన్న కూడా దుబాయ్‌లోనే ఒక కట్టడాల కంపెనీలో షట్టరింగ్ కార్పెంటరు. బావాబావమరుదులు అల్ ఖూజ్‌లోనే ఒక అకామిడేషన్లో, అంటే కార్మికుల వసతిలో, ఒకే గదిలో ఉండేవారు.

లింగన్న సంగతి నాకు రాజేశమే చెప్పాడు. ఊళ్లో గీసినన్నాళ్లు, చెట్టు మీంచి దించిన ప్రతి ముంతనూ గీసినవాడే ముందు వాసన చూసి రుచి చూడాలి. అది వృత్తిలో భాగం. అలా మొదలైంది అలవాటు. దుబాయ్ వచ్చాక కల్లు లేదు గానీ దొంగచాటు మందు దొరికింది. ఒక ఉదయం కాళ్లు తడబడుతుంటే ఫోర్‌మన్ అతన్ని పరంజా మీంచి దింపేశాడు. ఇంకొక్కసారి ఇలా కనిపిస్తే నేరుగా ఊరికి టికెట్టే అన్నాడు. ఆ రోజు లింగన్న ఎల్లమ్మ మీద ఒట్టు పెట్టుకున్నాడు. ఎల్లమ్మకు కల్లు సాక పొయ్యందే, అంటే ఆమె ముందు కల్లు ధారపొయ్యందే, పండుగ మొదలుకాని ఇల్లు వాళ్లది. ఆ ఇంటివాడు ఆ తల్లి మీదే ఒట్టేశాడంటే దాని బరువెంతో నాకు అర్థమైంది.

ఒట్టు పెట్టుకున్నాక ఖాళీగా కూర్చుంటే చేతులు ఊరుకోవని అతను మజ్జిగ పనిలో పడ్డాడు. కంపెనీ బస్సు రాకముందే లేచి పెరుగు చిలికి, అల్లం దంచి వేసి, వడగట్టి, ప్లాస్టిక్ డబ్బాల్లో గదివాళ్లందరికీ సరిపడా సైటుకు తీసుకెళ్లేవాడు. ఎండాకాలంలో అది పొద్దెక్కకముందే వేడెక్కి పుల్లబడేది. అక్కడ రాజేశానికి ఒక ఆలోచన వచ్చింది.

“సారూ, ఒక తుక్కు కెగ్గు ఇప్పియ్యున్రి. మా బావ మజ్జిగ పోసుకుంటడు. మూత తీసుడే ఉండది, చేతిపంపు కొడితే నల్లా నుంచి వస్తది. దుమ్ము వడది. తడి గోనెసంచి చుట్టినమంటే సల్లగుంటది.”

ఆలోచన బాగానే ఉంది. నేను ముదీర్‌ను, అంటే మా మేనేజరును, అడిగాను. ఆయన నవ్వి, అంచు నొక్కుకుపోయి తుక్కులో పడ్డ ముప్పై లీటర్ల కెగ్గు ఒకటి, పిక్నిక్‌లలో వాడి పారేసిన చేతిపంపు ఒకటి గేటు దాటడానికి పాసు మీద సంతకం పెట్టాడు. సెలవు రోజున వచ్చి దగ్గరుండి విప్పిస్తాననీ, అప్పటిదాకా దాన్ని ముట్టుకోవద్దనీ రాజేశానికి గట్టిగా చెప్పాను.

నేను వెళ్లేసరికి అతను అకామిడేషన్ వెనక పెరట్లో కెగ్గును కాళ్ల మధ్య పెట్టుకొని, మెడ దగ్గర స్క్రూడ్రైవరు ఆనించి సుత్తి ఎత్తి ఉన్నాడు. ముఖం సరిగ్గా దాని మీదే ఉంది. నేను వేసిన కేకకు పై అంతస్తులో కిటికీలు తెరుచుకున్నాయి.

“ఖాళీదే గద సారూ! ఊపితే సప్పుడు గూడ లేదు” అన్నాడు.

కెగ్గు గురించి తెలియాల్సిన మొదటి సంగతి అదే. ఖాళీ అంటే బీరు లేదని అర్థం, గ్యాసు లేదని కాదు. మెడ లోంచి అడుగు దాకా ఒక గొట్టం ఉంటుంది, దాన్ని స్పియర్ అంటాం, అంటే ఈటె. పేరు ఊరికే పెట్టలేదు. లోపల ఒత్తిడి ఉండగా దాన్ని పట్టి ఉంచే రింగు ఊడదీస్తే అది ఈటెలాగే పైకి లేస్తుంది. దవడ పగిలినవాళ్లున్నారు, ప్రాణం పోయినవాళ్లూ ఉన్నారు. అందుకే ముఖం పక్కకు పెట్టి, మెడ మీద గుడ్డ కప్పి, ముందు కవాటం నొక్కి గ్యాసంతా వదలాలి. బుస ఆగాక మరోసారి నొక్కి చూడాలి. ఆ తర్వాతే రింగు, ఆ తర్వాతే స్పియర్. ఇదంతా రాజేశానికి గోదాములో నేర్పిందే. ఇంటికి రాగానే ఆ చదువంతా గేటు దగ్గరే వదిలేసి వచ్చాడు.

కవాటం నొక్కగానే పాత బీరు నురుగు గుడ్డ అంచుల్లోంచి చిమ్మి గోడను తడిపింది. పెరడంతా కంపు. మెట్ల మీద కూర్చొని అల్లం చెక్కు తీస్తున్న లింగన్న కత్తి కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. ఎండకు తాళలేక వెళ్లాడనుకున్నాను.

గోదాములో మేం కాస్టిక్ సోడా వాడతాం. దాన్ని ఇంటికి తీసుకెళ్లనివ్వను, కంట్లో పడితే చూపు పోతుంది. ఇంట్లో చౌకగా కావాలంటే బట్టల సోడా చాలు. దాన్ని బాగా వేడినీళ్లలో కలిపి, కెగ్గు నిండా పోసి, నాననిచ్చి, దొర్లించి, పారబోసి, మంచినీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. స్టీలు పీచు పెట్టి రుద్దకూడదు, గీతల్లో మురికి దాక్కుంటుంది. బ్లీచింగ్ అసలే పొయ్యకూడదు, స్టీలును తినేస్తుంది. చివర బోర్లించి ఆరబెట్టాలి. స్పియర్‌కున్న రబ్బరు వాషర్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి, ఉడకబెట్టి మళ్లీ వాడుకోమన్నాను. చెప్పవలసిందంతా చెప్పి ఇంటికొచ్చాను.

మళ్లీ సెలవుకు వెళ్లి టార్చి వేసి చూస్తే లోపలి గోడలన్నీ తెల్లగా, సున్నం కొట్టిన ఇల్లులా ఉన్నాయి. నిజంగా సున్నమే.

“పులవకుండ ఉంటదని ఏసిన సారూ. మా నాయిన నీరా దించే ముంతకు లోపల సున్నం రాసేటోడు. రాస్తే తియ్యగుంటది, లేకుంటె దింపేసరికే కల్లయితది. మజ్జిగకు గూడ పనికొస్తదనుకున్న” అన్నాడు రాజేశం.

కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. తండ్రి చేసింది తప్పు కాదు. మట్టిముంత సున్నాన్ని పీల్చుకుంటుంది. స్టీలు పీల్చుకోదు. పైగా పాత కెగ్గు గోడలకు బీరు నుంచి దిగిన సన్నని గార ఉంటుంది, ఈ సున్నం దాని మీద పెచ్చుకట్టి కూర్చుంది. తెలివి మీద తెలివి పెడితే పని రెండింతలవుతుందని నాలుగు చీవాట్లు పెట్టి, మా ఆవిడకు ఫోను చేసి వంటింట్లోని నిమ్మ ఉప్పు డబ్బా తెప్పించాను. గారకు సోడా పనిచెయ్యదు, పులుపే కావాలి. నిమ్మ ఉప్పు నీళ్లు పొయ్యగానే లోపల చిటపటమంది. రాజేశం చెవి ఆనించి పెళ్లికొడుకులా సంబరపడ్డాడు. సాయంత్రానికి స్టీలు మెరిసింది. లిట్మస్ కాగితం ముంచి చూస్తే ఆఖరి నీళ్లకూ కుళాయి నీళ్లకూ తేడా లేదు. మా వృత్తిలో అది ఒక పరీక్ష.

ఆ తర్వాతి సెలవు రోజూ వెళ్లాను, మొదటి మజ్జిగ చూడ్డానికి. లింగన్న చేత్తో చిలికిన మజ్జిగ వడగట్టి పోసి, స్పియర్ మళ్లీ బిగించారు. రాజేశం పంపు కొట్టాడు. స్టీలు గ్లాసులో తెల్లగా, పైన వేలెడు నురుగుతో దిగింది. గదివాళ్లు తాగి భేష్ అన్నారు. నేనూ తాగాను, నాకే తేడా తెలియలేదు. లింగన్న గ్లాసు ముక్కు దాకా తెచ్చి, కింద పెట్టి, లేచి వెళ్లిపోయాడు.

“ఏందే లింగన్నా, నీ మజ్జిగ నీకే చేదయ్యిందా?” అని ఒకడు నవ్వాడు. ఇంకొకడు, “ఇన్నొద్దులు తాగినప్పుడు లేని షోకు ఇప్పుడొచ్చిందా?” అన్నాడు. రాజేశం ముఖం చిన్నబోయింది.

నాకు అనుమానం వచ్చి మా రెండో పరీక్ష చేశాను. మజ్జిగ తీసేసి, కడిగి, గోరువెచ్చని నీళ్లు పోసి మూసి, కాసేపాగి తెరిచి వాసన చూడాలి. తెరిచాను. ఉంది. సన్నగా, పాత బీరు వాసన. స్టీలు దేన్నీ దాచుకోదు, రబ్బరు దాచుకుంటుంది. పైకి బాగున్నా, ఉడకబెట్టినా, ఏళ్లుగా తాగిన బీరు వాషర్లలో అలాగే ఉంది. పక్క వీధి హార్డ్‌వేర్ దుకాణంలో తిండి సామాన్లకు వాడే కొత్త రబ్బరు వాషర్లు తెచ్చి వేశాం. మళ్లీ గోరువెచ్చని నీళ్లు పోసి చూస్తే ఏ వాసనా లేదు. ఈసారి నేను దేవుడి ముందైనా చెప్పగలను, అది శుభ్రమైన పాత్ర.

రాజేశం పరుగెత్తి వెళ్లి లింగన్నను పిలుచుకొచ్చాడు. “బావా, ఇప్పుడు నువ్వే సూడు. నీ ముక్కును మించిన మిషిను లేదు.” చుట్టూ గదివాళ్లంతా నిలబడ్డారు. ఆ పూట అది వాళ్లకు తమాషా.

లింగన్న వంగలేదు. కెగ్గు వైపు చూసి, నా వైపు తిరిగాడు.

“మీరు సాఫయిందన్నరు, అయ్యే ఉంటది సారూ. నాకు అనుమానం లేదు. గని గా పంపు కొట్టంగనే తెల్లగ నురుగుతోని దిగుతది సూడున్రి, నా కండ్లకు అది మజ్జిగ గాదు. వాసన లేకున్నా నా నోట్లె వాసనొస్తది. డ్రమ్ము కడిగితె సాఫయింది. నేనింక కాలే.”

అంతకుముందు వేళాకోళం చేసినవాడు గోడ వైపు చూశాడు. తొలిరోజు కత్తి కింద పెట్టి లోపలికి వెళ్లింది ఎండకు కాదని అప్పుడు తెలిసింది. మేమంతా కెగ్గు కడుగుతున్నామనుకుంటుంటే, అతను వారం వారం ఆ పెరట్లో తన ఒట్టు కాపాడుకుంటున్నాడు.

రాజేశం కళ్లు తుడుచుకొని, “ఖలాస్ బావా, దీన్ని తోలేద్దాం” అన్నాడు. అంత కష్టపడి మెరిపించిన కెగ్గును మర్నాడే తానే మోసుకొచ్చి తుక్కు కుప్పలో పెట్టాడు. తర్వాత పాత గోనెసంచులు కత్తిరించి మజ్జిగ డబ్బాలకు చొక్కాల్లా కుట్టాడు. తడిపి తొడిగితే మధ్యాహ్నం విరామం దాకా చల్లగానే ఉండేదట. సున్నం మాత్రం ఎక్కడా వెయ్యలేదని నాకు ప్రత్యేకంగా చెప్పాడు. లింగన్న నేను రిటైరై వచ్చేదాకా అదే కంపెనీలో పనిచేశాడు, అదే మజ్జిగ చిలికాడు.

ఈ సంగతి తర్వాత నా విభాగంలో ఒక పద్ధతి మార్చాను. కెగ్గులు కడిగిన ప్రతి విడతకూ ఒకరు మూతి దగ్గర వంగి వాసన చూసి సరే అనాలి. అంతకుముందు ఎదురుగా ఎవరుంటే వాళ్లను పేరు పెట్టి పిలిచేవాళ్లం, అదొక పనిలా. తర్వాత పేరు పెట్టి పిలవడం మానేశాను. ఎవరు చూస్తారని అడిగితే, చూడగలిగినవాళ్లే వచ్చేవారు. ఏళ్లుగా నాతో పనిచేసినవాళ్లలో ముగ్గురు ఆ తర్వాత ఒక్కసారి కూడా ముందుకు రాలేదు. ఎందుకని నేను అడగలేదు.