కన్ను చెక్కే ముందు

మంగళవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి ఆళ్లగడ్డలో శిల్పి కొట్టానికి చేరాను. నంద్యాలలో పెట్టదలచిన మా అమ్మ విగ్రహానికి కళ్లు చెక్కడం మాత్రమే మిగిలింది. ఆవిష్కరణ గురువారం.

ఆయన సుత్తి, ఉలి పక్కన పెట్టి, అరచేతులు మోకాళ్ల మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. ముఖం మీద ఉలి పెట్టే ముందు ఎప్పుడూ అంతే. అంతకుముందు వచ్చినప్పుడే గడియారం చూసి లెక్కపెట్టాను, పదకొండు నిమిషాలు.

“ఏందప్పా, నిద్రపోతాండావా?” అన్నాను.

“లేదమ్మా. పని ఒత్తిడికి బీపీ వచ్చి చెయ్యి వణుకుతాండె. డాక్టరు ధ్యానం చెయ్యమన్నాడు. ఊపిరి చూసుకుంటా కూచుంటే వణుకు నిలుస్తాది, రాత్రి నిద్ర పడ్తాది. పనెక్కువైనోళ్లే కూచోవల్ల.”

“మా అమ్మ ఆరుగురు పిల్లల్ని సాకింది. ఒక్క పూటైనా ఇట్ల కళ్లు మూసుకొని కూచునిందా? లెయ్యప్పా!”

ఆయన నవ్వి లేచాడు. కుడికన్ను చక్కగా వచ్చింది. ఎడమకన్ను దగ్గర చెయ్యి వణికి, రెప్ప పెచ్చుగా ఊడిపడింది.

ఆయన “కుదరదమ్మా” అని గట్టిగా ఒక్కమాట అని ఉండాల్సింది. అననందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. నా మీద అంతకు రెట్టింపు. ఇప్పుడాయన ముఖాలు ముట్టడట. రోళ్లు, తిరగళ్లు చేస్తున్నాడు.

నేను ఆదా చేసింది పదకొండు నిమిషాలు. పోయినవి: మా అమ్మ ఎడమకన్ను, ఆయన నాలుగు నెలల పని, ముఖాలు చెక్కే చెయ్యి ఒకటి.